గట్టివి ఇమ్మన్నాను

కరీంనగర్ బస్టాండుకు దగ్గర్లో ఒక స్పేర్ పార్టుల దుకాణం. అక్కడ నిలబడి, "గట్టివి ఇయ్యుండ్రి, మెత్తవి నాకొద్దు" అని నేనన్న మాట ఇన్నేళ్లయినా నా చెవిలోంచి పోలేదు. ఆ రోజు ఆ దుకాణంలో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. శిక్షణ తరగతుల కోసం చంటిపాపతో రెండు రోజులకని వచ్చి, సాయంత్రం పాపను తోటి టీచరమ్మ దగ్గర ఉంచి మోటారు సైకిల్ బ్రేకులు కొనడానికి వెళ్లాను.

అది ఎనభైల మధ్యకాలం. మా అత్తగారి ఊరు నిర్మల్ ఘాటురోడ్డు పైన, నేను పాఠాలు చెప్పే బడి ఘాటు కింద. ఉన్న ఒక్క బస్సు బడి గంట కొట్టాక గానీ వచ్చేది కాదు. అందుకని మా ఆయన పొద్దున్నే తన పాత మోటారు సైకిల్ మీద నన్ను దింపి, పొలం పని చూసుకుని, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకెళ్లేవాడు. మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు, ఇంకా పాలు తాగుతోంది. అందుకని దాన్ని పాత చీరతో నడుముకు కట్టుకుని, ఒళ్లో పెట్టుకుని ఘాటు దిగేదాన్ని. బడి పక్కింటి ముసలమ్మ ఉయ్యాల ఊపేది. గంట గంటకూ నేను పరుగెత్తి పాలిచ్చి వచ్చేదాన్ని.

ఇప్పటి బండ్లకు చక్రం పక్కన ఒక రేకు తిరుగుతూ కనిపిస్తుంది, దాన్ని రెండు వైపులా నొక్కే బిళ్లల్ని ప్యాడ్లంటారు. మా కాలంలో అవి లేవు. చక్రం నడుమ గిన్నెలాంటి డ్రమ్ము, దాని లోపల నెలవంకల్లాంటి రెండు షూలు, వాటి మీద అంటించిన లైనర్. కాలితో తొక్కితే ఆ షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకోవాలి. మా బండి లైనర్లు అరిగి అరిగి రేకు తేలాయి. ఎద్దు అడ్డం వస్తే ఆయన అర ఫర్లాంగు ముందు నుంచే తొక్కడం మొదలుపెట్టేవాడు.

"నిర్మల్‌ల బండ్లు బాగుచేసే మిస్త్రీ ఉన్నడు గద, ఆయనే ఏదో ఒకటి ఏస్తడు" అన్నాడు మా ఆయన. ఆ 'ఏదో ఒకటి' అన్న మాటకే నాకు మండింది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునే బండికి ఏదో ఒకటి వేయిస్తారా? నేనే చూసి తెస్తానన్నాను. నాకు ముక్కు మీద కోపం. అంతకు మించి, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన ఆ రెండూ ఎరిగినవాడు కాబట్టి సరేనన్నాడు.

దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "సార్‌ను తోలియ్యరాదమ్మా" అన్నాడు.

"బండెక్కేది నేను, పిల్లనెత్తుకొని కూసునేది నేను. సారెందుకు?" అన్నాను.

అతను రెండు జతలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లగా, నున్నగా, గోటితో గీకితే గీత కూడా పడనంత గట్టిగా ఉంది. రెండోది గోధుమరంగుది. గీకితే గోట్లోకి పొడి వచ్చింది. "అమ్మా, బండి యాడ తిరుగుతది?" అని అడిగాడు.

"సామానడిగితె మా ఊరి సంగతులెందుకు మీకు?" అని అతని నోరు మూయించాను.

మనకు గట్టి అంటే మంచిదని పుట్టుకతో వచ్చిన నమ్మకం. చీర కొన్నా, మంచం కొన్నా గట్టిదేనా అని అడుగుతాం. సంబంధం చూడటానికి పోయినా పిల్లగాడు గట్టోడేనా అనే అడుగుతాం. పొడి రాలే సరుకును డబ్బు పెట్టి ఎవరైనా కొంటారా? నల్లవి కట్టించుకుని, దుకాణదారు నన్ను మోసం చేయకుండా జాగ్రత్త పడ్డానన్న గర్వంతో బస్సెక్కాను. నిజానికి పాపం, ఆయన నన్ను కాపాడబోయాడు. నేనే కాపాడనివ్వలేదు.

మరుసటి వారం మా ఆయన నిర్మల్ వెళ్లి వాటిని వేయించుకుని వచ్చాడు. నాలుగైదు రోజులు బాగానే తిరిగాం. ఎప్పుడైనా బండి కాస్త ముందుకు పోయి ఆగినా, కొత్తవి కదా, ఇంకా అమరుకోలేదు అనుకున్నాను.

ఒక పొద్దున ఘాటు దిగుతున్నాం. సగం దాటాక ఒక మలుపు తిరిగేసరికి, పాడైపోయిన లారీ ఒకటి రోడ్డు మీద అడ్డంగా ఉంది, చుట్టూ రాళ్లు పెట్టి ఉన్నాయి. మా ఆయన బ్రేకు తొక్కాడు. ఆయన కాలు మొత్తం బిగుసుకోవడం వెనక కూర్చున్న నాకు తెలిసింది. బండి మాత్రం ఆగలేదు. సర్రున జారుతున్నట్టు అలాగే పోతోంది. ఒకవైపు లోయ. ఆయన రెండోవైపుకు, గుట్ట పక్కకు తిప్పాడు. మట్టిగట్టుకు గుద్దుకుని ముగ్గురం ఎడమవైపు పడ్డాం.

పడుతూ పడుతూ నేను మోచేయి కింద పెట్టాను. పాప నా పొట్టకూ నేలకూ మధ్య ఉండిపోయింది. ఒక్క క్షణం దాని చప్పుడు వినిపించలేదు. ఆ క్షణం గురించి నేను ఎవరికీ సరిగా చెప్పలేను. నా ప్రాణం అక్కడికక్కడే పోయింది. తర్వాత అది గుక్కపట్టి ఏడ్చింది. బిడ్డ ఏడుపు అంత తియ్యగా ఉంటుందని అప్పుడే తెలిసింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత తోలు లేచిపోయింది, అంతే. లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చి నీళ్లిచ్చాడు. మా ఆయన బండిని లేపకుండా, మమ్మల్నిద్దర్నీ తడిమి తడిమి చూస్తున్నాడు.

ఆ రోజు బడికి పోలేదు. ఇంటికి రాగానే అత్తమ్మ పాపను నా చేతుల్లోంచి లాక్కుంది. మామ, అంటే మా ఆయన తండ్రి, అరుగు మీద నుంచి లేచి వచ్చి పాప నుదురు చూసి, "ఎట్లైంది?" అన్నాడు.

"నేనే జర జోరు మీద ఉన్న, బాపూ" అన్నాడు మా ఆయన.

అది అబద్ధం. ఘాటులో ఆయన ఎప్పుడూ జోరుగా నడపడు. కానీ నేను నోరు తెరవలేదు.

మామ కోపంతో అరిచే మనిషి కాదు. నెమ్మదిగా చెప్పేవాడు. అదే ఎక్కువ భయం. "బిడ్డా, పిల్లను తీస్కొని ఘాటు దిగుడు బంద్. పాలు తాగే పిల్లను ఇడ్సిపెట్టి నువ్వు పోలేవు. గందుకె కొలువే బంద్ పెట్టు. సోమారం నాటికి కాయితం రాసియ్యి" అన్నాడు. కొడుకు వైపు తిరిగి, "బండి తోల్లరానోడు పెండ్లాం పిల్లల్ని ఎందుకు ఎక్కించుకోవాలె?" అన్నాడు. మా ఆయన తల వంచుకున్నాడు.

ఆ కొలువు నాకు ఊరికే రాలేదు. హుస్నాబాద్ దగ్గరి మా ఊళ్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేను. మా బాపు నన్ను సైకిల్ మీద పరీక్షలకు తీసుకుపోయాడు. దాన్ని ఒక కాగితం ముక్క మీద రాసి ఇచ్చేయడం నా వల్ల కాదు. అలాగని పాపను మళ్లీ ఆ బండి మీద కూర్చోబెట్టడమూ నా వల్ల కాదు. సోమవారానికి ఐదు రోజులుంది. ఆ లోపల నేను నమ్మే బ్రేకు దొరకాలి, లేదా కొలువు పోవాలి. దొరుకుతుందని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు నేను బస్సులో, ఆయన బండి మీద మెల్లగా, నిర్మల్ చేరాం. మిస్త్రీ మా ఆయన కంటే పదేళ్లు పెద్దవాడు. మాసిన టోపీ, మెత్తటి మాట. చక్రం విప్పి షూలు బయటికి తీసి నా ముందు పెట్టాడు. లైనర్ అద్దంలా మెరుస్తోంది. డ్రమ్ము లోపల మాత్రం గుండ్రంగా గీతలు పడ్డాయి.

"ఇవి ఎవరు తెచ్చిన్రు?" అన్నాడు.

"నేనే" అన్నాను. మా ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు.

మిస్త్రీ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "మీరేమని అడిగిన్రు, టీచరమ్మా?"

"గట్టివి ఇయ్యుండ్రి అన్న."

"గదే. గట్టివి అంటే ఎక్కువ దినాలొస్తయి. పట్టుకోవు. చదునుల నడిపితె చల్తది, ఘాట్ల చల్తా నై" అన్నాడు. నా లైనర్‌ను డ్రమ్ము మీద పెట్టి తోశాడు. నున్నగా జారిపోయింది. డబ్బాలోంచి ఇంకో షూ తీసి అలాగే తోశాడు. అది బరబరమని ఆగిపోయి, డ్రమ్ము మీద ఇంత పొడి వదిలింది. "ఇది అరుగుతది. అరిగితెనే ఆగుతది. భయం లేకుంట, బేఫికర్ ఉండాల్నంటే జల్ది జల్ది మార్సుకోవాలె."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పేది నేనే. నున్నటి నేల మీద గోళీ ఎందుకు దూరం పోతుంది, గరుకు నేల మీద ఎందుకు ఆగిపోతుంది అని ఏటా అడిగేదాన్ని. చేయెత్తనివాణ్ణి నిలబెట్టేదాన్ని. దుకాణంలో ఆ పాఠం నాకు గుర్తుకే రాలేదు. నా గోరు మీద నాకున్న నమ్మకం పుస్తకం మీద లేదు.

ఆ సాయంత్రం మామ అన్నం తిని చేయి కడుక్కునేదాకా ఆగాను. మా ఆయన పశువుల దగ్గర ఉన్నాడు. "మామా, ఆయన జోరు మీద నడపలే. బ్రేకులు నేను తెచ్చిన. గట్టివి గావాల్నని నేనే అడిగి తెచ్చిన. అవి పట్టుకోలే. మీ కొడుకు నన్ను కాపాడనీకె అట్ల చెప్పిండు" అన్నాను. అత్తమ్మ చేతిలోని చెంబు అలాగే ఆగిపోయింది.

తిడితే తిట్టనీ అని నిలబడ్డాను. మామ, "గట్టివి తెచ్చినవా?" అని అడిగి, అనుకోకుండా చిన్నగా నవ్వాడు.

"నేను గూడ గదే చేసిన, బిడ్డా. మేం పత్తి బండ్లు కట్టుకొని ఘాటు దిగుతుంటిమి. బండి ఉరుకకుంట చక్రానికి అడ్డం కట్టె ఒత్తాలె. నాకప్పుడు ఇరవై ఏండ్లు. మంచి టేకు మొద్దు చెక్కి పెట్టిన, ఇగ పదేండ్లు చూడనక్కర లేదనుకున్న. చక్రం ఇనుప పట్టా మీద గది జారింది. ఎద్దులు మోకాళ్ల మీద పడ్డయి. ఆ యేడు మా బాపు గా కట్టెకు పాత చెప్పుల తోలు మేకులు పెట్టి కొట్టిండు. తోలు పట్టుకున్నది. ఘాటు దిగేసరికి తోలు అయిపోయేది. మళ్ల కొత్తది కొట్టేది" అన్నాడు.

ఈ బ్రేకు ముక్కల్ని ఇంగ్లీషులో షూ అంటారని, అంటే చెప్పు అనే అర్థమని చెప్పాను. మామకు అది ఎంత నచ్చిందో. మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. కానీ నవ్వు ఆగాక మళ్లీ అదే మాట. "గని సోమారం మాట సోమారమే. నేను కండ్లతోని చూస్తనే పిల్లను ఎక్కనిస్త."

శనివారం పాపకు పాలిచ్చి అత్తమ్మకు అప్పగించి, మామ, మా ఆయన, నేను నిర్మల్ పోయాం. మిస్త్రీ నా కోసం రెండు జతలు తెప్పించి పెట్టాడు. ఒకటి బాగా మెత్తనిది. ఇంకొకటి నేసినట్టుంది, మధ్య మధ్య సన్నటి ఇత్తడి పోగులు మెరుస్తున్నాయి. ఏది మంచిదని అడిగితే, "రెండు మంచియే, మీ ఇష్టం" అన్నాడు. నాకు ఇష్టంతో పని లేదు. ఇష్టపడి కొన్నదాని సంగతి అప్పటికే చూశాను.

ఊరి బయట, బండ్లు పెద్దగా తిరగని రోడ్డు మీద సున్నంతో ఒక గీత గీశాను. వెనక నేను కూర్చుని, పాప బరువుకని సంచిలో జొన్నలు పోసి ఒళ్లో పెట్టుకున్నాను. బండి ఒకే వేగంతో గీత దాకా రావాలి, గీత మీద బ్రేకు తొక్కాలి, ఆగిన చోటికి నేను దిగి అడుగులు లెక్కపెట్టాలి. మామ కల్వర్టు మీద కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. మిస్త్రీ పనిముట్ల సంచితో చెట్టు కింద ఉన్నాడు.

మొదట మెత్తనివి. తొక్కగానే బండి ముక్కు నేలకు పొడిచినట్టు ఆగింది. పన్నెండు అడుగులు. మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఇగ ఇవే" అన్నాడు.

"ఇంకోసారి" అన్నాను.

అలా వెంట వెంటనే పదిసార్లు తిప్పించాను. మిస్త్రీ ఆశ్చర్యపోయి, "గిన్నిసార్లెందుకు టీచరమ్మా?" అని అడిగాడు. "ఘాట్ల ఒక్క మలుపే ఉన్నదా?" అన్నాను. ఏడోసారికి అడుగులు పదహారయ్యాయి. తొమ్మిదోసారి ఇరవై దాటాయి, చక్రంలోంచి కాలిన వాసన వచ్చింది. చేయి దగ్గర పెడితే వేడి కొడుతోంది. మిస్త్రీ లేచి వచ్చి, ముట్టుకుని, తల గీరుకున్నాడు. వేడెక్కితే మెత్తనివీ పట్టు వదులుతాయని ఆయనకు తెలుసు, కానీ ఇంత తొందరగా అనుకోలేదట.

చక్రం చల్లారేదాకా ఆగి, షూలు మార్చి, ఇత్తడి పోగులవి వేశాడు. మొదటిసారి పద్నాలుగు అడుగులు. మా ఆయన పెదవి విరిచాడు. రెండోసారి పద్నాలుగు. ఐదోసారి పద్నాలుగు. పదోసారికి పదిహేను. జొన్నల సంచి మోసి మోసి, దెబ్బ తగిలిన మోచేయి వాచిపోయింది. అయినా ఇంకో మూడుసార్లు తిప్పించాను. అప్పుడూ పదిహేనే.

"ఇవి" అన్నాను.

మామ కల్వర్టు మీద నుంచి లేచాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కర్రతో చక్రం మీద మెల్లగా తట్టి, మిస్త్రీతో, "ఎన్నొద్దులకోసారి మార్సాలె?" అని అడిగాడు.

"నెలకొకసారి ఇప్పి చూపియ్యుండ్రి. అరిగితె చెప్త."

"అరగకముందే చెప్పు" అన్నాడు మామ. నా వైపు చూడకుండానే, "సోమారం పోండ్రి" అని బస్టాండు దారి పట్టాడు. రాజీనామా కాగితం సంగతి ఎత్తలేదు. నేనసలు రాయనే లేదని నేనూ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఘాటు మొదట్లో మా ఆయన బండి ఆపి, "కూసున్నవా మంచిగ?" అన్నాడు. పాపను పాత చీరతో రెండు చుట్లు కట్టుకున్నాను. దాని నుదుటి మీద పొక్కు ఇంకా ఎర్రగానే ఉంది. నాకు భయం లేదని చెప్తే అబద్ధమే. అరచేతులు చెమటలు పట్టి, ఆయన చొక్కా పట్టుకుంటే జారుతున్నాయి. కింది గేరులో మెల్లగా దిగుతున్నాం. మొదటి మలుపులో "ఆపుండ్రి" అన్నాను. ఆపాడు, ఆగింది. రెండో మలుపులోనూ ఆపమన్నాను. లారీ నిలిచిన చోట మూడోసారి ఆపమన్నాను. మట్టిగట్టు మీద మా బండి గుద్దుకున్న గుంట అలాగే ఉంది. ఆయన విసుక్కోకుండా అన్నిసార్లూ ఆపాడు.

ఘాటు అయిపోయి చదును రోడ్డు రాగానే, నేను అడగకుండానే ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజను కూడా బంద్ చేశాడు. వెనక్కి తిరగకుండా, హ్యాండిలు వైపే చూస్తూ మాట్లాడాడు.

"గా నల్లవి ఏసిన దినమే మిస్త్రీ చెప్పిండు. ఇవి ఘాటుకు పనికిరావు, వాపస్ ఇయ్యుండ్రి అన్నడు. నేనే ఏయమన్న."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు అంత దూరంకెల్లి తెచ్చినవు. గవి బాగలేవంటె నీ మొఖం ఎట్లయితదో నాకెర్కనే. వారం దినాలు మాట్లాడవు. నాలుగొద్దులు నడిపి, తర్వాత మెల్లగ మార్సుదామనుకున్న."

బండి దిగి, పాపను ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. మామ ముందు తప్పు ఒప్పుకున్నానని ఆ మూడు రోజులూ నన్ను నేను మెచ్చుకుంటూ ఉన్నాను. ఆ తప్పు దుకాణంలో అన్న ఒక్క మాటేననుకున్నాను. నా అలకకు భయపడి ఒక మనిషి, పట్టని బ్రేకుల బండి మీద, తన బిడ్డనూ నన్నూ కూర్చోబెట్టుకుని నాలుగైదు రోజులు ఆ లోయ పక్కన నడిపాడు. ఆయన మీద కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పాప నా కొంగు చప్పరిస్తూ మమ్మల్నిద్దర్నీ చూస్తోంది.

"ఇట్లాంటిది మళ్ల ఎప్పుడైనా ఉంటే చెప్పుండ్రి" అన్నాను. "నేను వినకుంటే మళ్ల చెప్పుండ్రి. నోరు చేసుకుంటె బండి ఆపి చెప్పుండ్రి. పిల్ల నా ఒళ్లె ఉన్నప్పుడు నా మొఖం జూడకుండ్రి."

ఆయన అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. సరేనని తలూపి బండి స్టార్టు చేశాడు. నేను మళ్లీ ఎక్కి కూర్చున్నాను. బడి ఇంకా రెండు మైళ్లుంది.